టాంకు కవచమూ, మా రోటావేటర్ బ్లేడూ

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

సావనీరుకు ఏదైనా వ్రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, నాకు కవిత్వం రాదు గనుక సైన్సు వ్యాసం ఇస్తానన్నాను. "దేని మీదోయ్, రాకెట్లా?" అన్నారు. కాదు, వెల్డింగు మీద అన్నాను. అందరూ నవ్వారు. అది ఐ.టి.ఐ. వాళ్ళ సబ్జెక్టు గాని మనది కాదని ఒక మిత్రుడు సెలవిచ్చాడు. ఆ మాట నాకు కొంచెం కష్టంగానే తోచింది. అందుచేత ఈ వ్యాసం కాస్త పొడుగైతే ఆ మిత్రుడే బాధ్యుడు.

ముందు మా ఇంట్లో జరిగిన సంగతి చెప్పాలి. అది చెప్పకుండా నేరుగా టాంకుల దగ్గరకు పోతే, పొలం పనులు చేసుకునే వాడికి యుద్ధ టాంకుల గొడవ ఎందుకని మీకు అనుమానం రావచ్చు.

మాది నిజామాబాదు జిల్లాలో ఒక పల్లె. వరి, మక్క, కొంచెం పసుపు వేస్తాం. నేను ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో ఉండగా, శ్రావణంలో ముసురు పట్టి వదలడం లేదు. నారు ముదురుతోంది. నాట్లకు కూలీలతో మాటయిపోయింది. సరిగ్గా అప్పుడే మడి దున్నుతుంటే రాయి తగిలి మా రోటావేటర్ బ్లేడ్లు రెండు విరిగాయి. కొత్తవి కొందామంటే దుకాణంలో ఆ సైజు లేదు, వారం పడుతుందన్నారు. నాయిన విరిగిన ముక్కలు గోనెసంచిలో వేసుకొని వెల్డింగ్ కాకా దగ్గరకు బయల్దేరాడు. నేను బండి వెనకాల కూర్చున్నాను.

కాకా మాకు చుట్టం కాదు, నాయినకు చిన్ననాటి దోస్తు. మా ట్రాక్టరు ట్రాలీ, మా ఇంటి గేటు, బావి దగ్గర మోటారు స్టాండు, అన్నీ ఆయన చేతి పనే. ఆ రోజు ఆయన షెడ్డు రేకులు కారుతున్నాయి. రాడ్ల పొట్లం ఎప్పుడు విప్పిందో గాని బల్ల మీద విప్పే ఉంది. కాకా బ్లేడుకున్న బురద గుడ్డతో తుడిచి, ముక్కలు కలిపి పట్టి, వెల్డింగు కొట్టాడు. నాయిన "జల్ది ఇయ్యి తమ్మీ, నాట్ల దినాలు" అంటూ నిలబడే ఉన్నాడు. కాకా వేడి బ్లేడును పట్టకారుతో ఎత్తి పక్కనున్న నీళ్ళ బకెట్లో ముంచాడు. చుయ్ మని ఆవిరి లేచింది. సుత్తితో రెండు దెబ్బలు వేసి చూపించాడు. ఖంగుమంది. పైసలిచ్చి ఇంటికి వచ్చాం. చీకటి పడింది కాబట్టి బ్లేడ్లు రెండూ అరుగు మీద పెట్టి పడుకున్నాం.

తెల్లవారి చూస్తే ఒక బ్లేడుకు వెంట్రుక మందాన పగులు. అతుకులో కాదు, అతుకును ఆనుకొని పక్కన. నాయిన దాన్ని అరుగు రాయికేసి ఒక్క దెబ్బ వేస్తే రెండు ముక్కలైంది. రాత్రి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ట్రాక్టరుకు బిగించనే లేదు. రెండో బ్లేడు బాగానే ఉన్నట్టు కనిపించినా నాయిన ఇక దాన్ని నమ్మలేదు, కొట్టంలోకి విసిరేశాడు.

ఆ పొద్దున షెడ్డు దగ్గర జరిగిన మాటలు నాకింకా గుర్తున్నాయి.

"పైసలు తీసుకొని నాకే మోసం జేస్తవా?" అన్నాడు నాయిన.

"నేనిచ్చినప్పుడు మంచిగనే ఉండె అన్నా. నీ ముంగట్నే కొట్టి చూపిస్తి గద. ఇంటికి తీస్కపోయి ఏం జేసిన్రో నాకేం ఎరుక?" అన్నాడు కాకా.

అంతే. ఆ తరువాత మూడేళ్ళు ఇద్దరూ మాట్లాడుకోలేదు. మరుసటి వేసవిలో కాకా బిడ్డ పెండ్లి అయింది. కార్డు వచ్చింది గాని మా ఇంట్లోంచి ఎవరమూ పోలేదు. అమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఇద్దరిలో ఎవరు అబద్ధమాడారు? నాకు అప్పుడు జవాబు తెలియలేదు. డిగ్రీలో చేరిన తరువాత ఒకనాడు మా కెమిస్ట్రీ లెక్చరరుగారు లోహాల్లో హైడ్రోజన్ ఎలా చొరబడుతుందో చెబుతుంటే, క్లాసు అయ్యాక ఆయన వెంటబడి ఈ కథంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. వెల్డింగు లోహశాస్త్రం మీద ఒక పాత పుస్తకం తెచ్చి ఇచ్చి, ఫలానా అధ్యాయం చదవమన్నారు. అందులో మా బ్లేడు లేదు గాని టాంకు ఉంది. చదవగా చదవగా తెలిసిందేమంటే, ఈ రెండూ దగ్గర చుట్టాలే.

ఇక విషయానికి వద్దాం.

గేట్లకూ కిటికీ ఊచలకూ వాడే మామూలు ఉక్కులో కర్బనం సుమారు 0.2 శాతం ఉంటుంది. 250 మెగాపాస్కళ్ళ ఒత్తిడి దగ్గర అది సాగడం మొదలుపెడుతుంది. బ్రినెల్ కొలతలో దాని కాఠిన్యం 120 ప్రాంతంలో ఉంటుంది. టాంకులకూ సైనిక వాహనాలకూ వాడే కవచపు ఉక్కులో కర్బనం 0.3 శాతం దగ్గరే ఉంటుంది గాని, దాని బలం 1000 మెగాపాస్కళ్ళు దాటుతుంది. కాఠిన్యం 300 మొదలుకొని, గట్టి రకాల్లో 500 దాకా పోతుంది. కర్బనం అంత కొంచెం పెరిగినందుకే ఇంత తేడా రాదు. ఇది వేడి చేసి చల్లార్చడంలో వచ్చిన బలం.

మా ఊరి కమ్మరి తాత కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచేవాడు. చేసేది ఇక్కడా అదే. ఇనుము 900 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతంలో ఉన్నప్పుడు దాని పరమాణువుల అమరిక వేరు. ఆ అమరికలో కర్బనానికి చోటు ఎక్కువ. నెమ్మదిగా చల్లారనిస్తే ఇనుము తన మామూలు అమరికకు వస్తూ కర్బనాన్ని బయటకు పంపేస్తుంది. ఒక్కసారిగా చల్లారిస్తే పంపే వ్యవధి ఉండదు. జాతరలో జనం నిండుగా ఉండగా గేటు వేసేస్తే ఎక్కడివాళ్ళు అక్కడే ఇరుక్కుపోయినట్టు, కర్బనం ఇనుము నడుమ ఇరుక్కుంటుంది. అలా బిర్రబిగుసుకున్న అమరికకు జర్మను శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ మార్టెన్స్ పేరు మీదుగా మార్టెన్సైట్ అని పేరు. అది చాలా గట్టిది, దాంతోపాటు పెళుసుది కూడా. అందుకని దాన్ని మళ్ళీ మితంగా వేడి చేసి ఆ బిగువు కొంత సడలిస్తారు. ఎంత వేడి చేస్తే అంత మెత్తబడుతుంది, ఓర్పు పెరుగుతుంది.

పలుచని కొడవలికి నీళ్ళు చాలు. అంగుళం, రెండంగుళాల మందం పలకలో లోపలి భాగం అంత త్వరగా చల్లారదు. అక్కడ కూడా మార్టెన్సైట్ రావాలంటే మాంగనీసు, క్రోమియం, మాలిబ్డినం, నికెల్ వంటివి కలపాలి. నికెల్ వల్ల పెళుసుతనం తగ్గుతుంది కూడా. కొన్ని రకాల్లో బోరాన్ కలుపుతారు. అది వెయ్యింట రెండు మూడు వంతుల శాతం ఉన్నా చాలు, ఉక్కు లోతుదాకా గట్టిపడుతుంది. రోటావేటర్ బ్లేడ్లను సాధారణంగా ఈ బోరాన్ ఉక్కుతోనే చేస్తారు. కర్బనం అదే 0.3 శాతం దగ్గర, అదే విధంగా కాల్చి చల్లార్చినది. చుట్టరికం అన్నది ఇందుకే.

మరి కాఠిన్యం మంచిదైతే ఎంత గట్టిగా వీలైతే అంత గట్టిగా చేయవచ్చు కదా అని అడగవచ్చు. నేనూ అడిగాను. తుపాకీ గుండు తగిలినప్పుడు పలక రెండు పనులు చేయాలి. గుండు మొనను చితకగొట్టాలి, తాను పగలకూడదు. మరీ పెళుసైతే గుండు లోపలికి రాకపోయినా పలక వెనకవైపు నుంచి పెచ్చులు ఊడి లోపలున్న మనిషికి తగులుతాయి. లోపలివాడి ప్రాణానికి గుండు అయినా పెచ్చు అయినా ఒకటే.

ఈ చిక్కును యుద్ధనౌకలు కట్టేవాళ్ళు 19వ శతాబ్దం చివరలో ఒక రకంగా విడదీశారు. అమెరికాలో హార్వే, ఆ తరువాత 1893 ప్రాంతంలో జర్మనీలో క్రుప్ కంపెనీ, పలక ముందు ముఖానికి మాత్రం కర్బనం ఎక్కించి గట్టిపరిచి, వెనక భాగాన్ని సాగే గుణంతో ఉంచారు. మా కమ్మరి తాత కొడవలి అంచుకే పదును పెట్టి వెన్ను మెత్తగా వదిలేసేవాడు, సూత్రం అదే. కాని అలాంటి పలకలు చేయడం ఖరీదు, అతకడం మరీ కష్టం. టాంకులకు ఎక్కువగా, మందమంతా ఒకే తీరుగా ఉండే పలకలే వాడుకలోకి వచ్చాయి.

ఉక్కు విషయంలో మా జిల్లాకూ కొంత పేరుంది. కోనసముద్రంలో మూసల్లో ఉక్కు చేసేవారనీ, దాన్ని కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారనీ డాక్టర్ వాయిసీ వ్రాసినది 1832లో అచ్చయింది. ఇంగ్లీషువాళ్ళు ఊట్జ్ అనే మాట మన ఉక్కే. అందులో కర్బనం 1.5 శాతం దాకా ఉండేది. కత్తికి అది అద్భుతం. మా కాకా మాత్రం ఆ ఉక్కును ఒక్కరోజు కూడా అతికించలేడు. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

పలక ఎంత గొప్పదైనా ఒక్క పలకతో టాంకు కాదు. పలకలను కలపాలి. 1916లో సోమ్ యుద్ధరంగంలో మొదటిసారి దిగిన ఇంగ్లీషు టాంకుల పలకలను రివెట్లతో బిగించారు. రివెట్లతో ఒక ప్రమాదం ఉంది. బయట గుండు తగిలిన అదురుకు రివెట్టు తల తెగి, అదే గుండులా లోపలికి దూసుకొస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలానికి చాలామంది వెల్డింగు వైపు మళ్ళారు. ఈ మలుపులో తప్పక చెప్పుకోవలసిన మనిషి యెవ్గెనీ పాటన్. ఆయన అసలు వంతెనలు కట్టే ఇంజనీరు. కీవ్‌లో ఆయన స్థాపించిన వెల్డింగు పరిశోధనాలయాన్ని 1941లో జర్మను దాడి కారణంగా ఊరల్ పర్వతాల్లోని నిజ్ని తగీల్‌కు తరలించారు. అక్కడ టి-34 టాంకుల కర్మాగారంలో, పొడి గుట్ట కింద దాగిన ఆర్కుతో యంత్రమే అతుకు వేసుకుంటూ పోయే పద్ధతిని ఆయన బృందం కవచపు ఉక్కుకు అమలుపరిచింది. అప్పటికి పాటన్ వయస్సు డెబ్బై దాటింది. అనుభవం లేని కొత్తవాళ్ళు కూడా నడపగలిగిన యంత్రాలవి. మొదట్లో వాళ్ళకు ఎదురైన పెద్ద తలనొప్పి కూడా అతుకుల పక్కన పగుళ్ళే.

వెల్డింగు ఆర్కు వేడి 5000 డిగ్రీలు దాటుతుంది. దాని కింద ఉక్కు కరిగి మడుగు కడుతుంది. ఆ మడుగుకు ఇరుపక్కలా నాలుగైదు మిల్లీమీటర్ల మేర ఉక్కు కరగదు గాని బాగా వేడెక్కుతుంది. అసలు గొడవంతా ఈ చిన్న మేరలోనే. కాల్చి చల్లార్చి, మళ్ళీ కొలతగా వేడిచేసి, కర్మాగారంలో ఎంతో జాగ్రత్తగా ఇచ్చిన పదును అక్కడ చెడిపోతుంది. అదీ ఒక్క రకంగా కాదు. మడుగును ఆనుకొని ఉన్న పట్టీ 900 డిగ్రీలు దాటి వేడెక్కి, చుట్టూ ఉన్న చల్లని పలక వేడిని లాగేసుకోవడంతో గభాలున చల్లారి, మళ్ళీ పచ్చి మార్టెన్సైట్ అవుతుంది. సడలించని, పెళుసు మార్టెన్సైట్. దానికి కొంచెం అవతల ఉన్న పట్టీ ఐదారు వందల డిగ్రీల దాకానే వేడెక్కి మెత్తబడిపోతుంది. అంటే అతుకుకు ఒక పక్కన మరీ గట్టి పట్టీ, దాని పక్కనే మరీ మెత్తని పట్టీ.

ఇక హైడ్రోజన్. రాడ్డు పైపూతలో తేమ ఉన్నా, పలక మీద తుప్పు, నూనె, రంగు, బురద ఉన్నా, ఆర్కు వేడికి వాటిలోంచి హైడ్రోజన్ విడుదలవుతుంది. అది చాలా చిన్న పరమాణువు. కరిగిన ఉక్కు దాన్ని బాగా పీల్చుకుంటుంది. ఉక్కు గడ్డకట్టాక దానికి చోటు చాలక అది బయటికి దారి వెతుక్కుంటుంది. గట్టి ఉక్కులో కూడా ఇనుప పరమాణువుల సందుల్లోంచి అది మెల్లగా నడవగలదు. అతుకు చల్లారి కుంచించుకుపోతూ ఎక్కడ ఎక్కువ లాగుతుందో, అక్కడికే పోయి చేరుతుంది. ఆ చోటు పచ్చి మార్టెన్సైట్ అయితే, కొంత హైడ్రోజన్ పోగయ్యాక చిన్న పగులు పుడుతుంది. పగులు మొన దగ్గర లాగుడు ఇంకా ఎక్కువ కాబట్టి మరికొంత హైడ్రోజన్ అక్కడికి చేరుతుంది. పగులు ఇంకొంచెం జరుగుతుంది.

ఈ నడకకు టైము పడుతుంది. కొన్ని గంటలు కావచ్చు, ఒకటి రెండు రోజులు కావచ్చు. పైగా ఇది ఎర్రగా కాలుతున్నప్పుడు జరగదు. సుమారు 150, 200 డిగ్రీల లోపుకు చల్లారాకనే మొదలవుతుంది. అందుకే దీన్ని చల్లని పగులు అనీ, ఆలస్యపు పగులు అనీ అంటారు.

ఈ పేరా చదివిన రాత్రి నాకు హాస్టల్లో నిద్ర పట్టలేదు. కాకా సుత్తితో కొట్టి చూపించినప్పుడు బ్లేడు నిజంగానే బాగుంది. నాయిన దాన్ని నిజంగానే ఎవరినీ ముట్టనివ్వలేదు. పగులు రాత్రిపూట, మా అరుగు మీద, అందరం నిద్రపోతుండగా తనంత తాను నడిచి వచ్చింది. ఇద్దరూ నిజమే చెప్పారు.

పగలడానికి మూడూ కలవాలి: హైడ్రోజన్, పెళుసు ఉక్కు, లాగుడు. ఆ రోజు షెడ్డులో మూడింటినీ మనమే సమకూర్చాం. ముసురులో తేమ తాగిన రాడ్లూ, బురద మరకా హైడ్రోజన్ ఇచ్చాయి. నీళ్ళ బకెట్టు పచ్చి మార్టెన్సైట్‌నూ లాగుడునూ ఇచ్చింది. ఆ బకెట్టు ఎందుకంటే నాయిన తొందరపెట్టినందుకు. గేటు ఊచను అలా ముంచినా ఏమీ కాదు, కాకా ఇరవై ఏళ్ళుగా ముంచుతూనే ఉన్నాడు. తేడా ఉక్కులో ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పినవారు లేరు.

ఏ ఉక్కు ఇలా తిరగబడుతుందో ముందే అంచనా వేయడానికి అంతర్జాతీయ వెల్డింగు సంస్థవారి లెక్క ఒకటి ఉంది. దీన్ని కర్బన తుల్యాంకం అనవచ్చు. కర్బనం శాతం తీసుకొని, దానికి మాంగనీసులో ఆరోవంతు, క్రోమియం మాలిబ్డినం వెనేడియంల మొత్తంలో అయిదోవంతు, నికెల్ రాగిల మొత్తంలో పదిహేనోవంతు కలపాలి. 0.18 కర్బనం, 0.60 మాంగనీసు ఉన్న మామూలు ఉక్కుకు వేసి చూడండి: 0.28 వస్తుంది. 0.4 లోపు ఉంటే సాధారణంగా భయం లేదు. 0.30 కర్బనం, 1.20 మాంగనీసు ఉన్న బ్లేడుకు 0.50. ఇక 0.30 కర్బనం, 0.60 మాంగనీసు, 1.30 క్రోమియం, 0.45 మాలిబ్డినం, 1.50 నికెల్ ఉన్న కవచపు ఉక్కుకు వేస్తే 0.85 వస్తుంది. బోరాన్ ఈ లెక్కలో లేనేలేదు, కాబట్టి బ్లేడుకు వచ్చిన అంకెను కూడా అంత నమ్మకూడదు. కోనసముద్రం ఉక్కుకు కర్బనంతోనే 1.5 అవుతుంది. కాకా అతికించలేడన్నది అందుకే.

మరి టాంకును ఎలా అతుకుతున్నారు? తేమ పీల్చని విధంగా రాడ్లను 300 డిగ్రీలకు పైన పొయ్యిలో కాల్చి, వేడి డబ్బాలోంచి ఒక్కొక్కటే తీసి వాడతారు. మామూలు రాడ్డుతో వేసిన 100 గ్రాముల అతుకులో 20, 30 మిల్లీలీటర్ల హైడ్రోజన్ చేరగలదు. తక్కువ హైడ్రోజన్ రకాన్ని బాగా ఆరబెట్టి వాడితే 5 లోపే. పలకను తళతళలాడేలా రుద్ది, 100, 150 డిగ్రీలకు ముందే వేడి చేస్తారు. అప్పుడు అతుకు నిదానంగా చల్లారుతుంది, హైడ్రోజన్ బయటపడే వ్యవధి ఉంటుంది.

అయితే ఎక్కువ వేడి చేస్తే ఇంకా మంచిదే కదా అంటే, కాదు. మరీ గట్టి రకాలను 200 డిగ్రీలు దాటనీయరు. దాటితే ఆ మెత్తని పట్టీ వెడల్పవుతుంది, కష్టపడి తెచ్చిన కాఠిన్యం పోతుంది. తక్కువైతే పగులు, ఎక్కువైతే మెత్తన. వెల్డరు నడిచే దారి ఈ రెంటి నడుమ సన్నని గట్టు లాంటిది. దానికి తోడు ఒక్కొక్క వరుస వేశాక పలక ఎంత వేడెక్కిందో చూసుకుంటూ ఆగాలి. ఆగడం కూడా పనిలో భాగమే. నాట్ల కాలంలో మా నాయిన లాంటివాడు పక్కన నిలబడితే ఆ పని సాగదు.

ఇంకొక దారి స్టెయిన్‌లెస్ రాడ్డు. అందులో క్రోమియం, నికెల్ బాగా ఉండటంవల్ల అతుకు లోహం చల్లారినా పాత వేడినాటి అమరికలోనే ఉండిపోతుంది. ఆ అమరిక హైడ్రోజన్‌ను తనలోనే పట్టి ఉంచుతుంది, పక్కనున్న పెళుసు పట్టీలోకి సులభంగా పోనివ్వదు. పైగా లాగుడు వస్తే తాను సాగి సర్దుకుంటుంది. అందుకే కవచపు ఉక్కుకు ఇది చాలాకాలంగా వాడుకలో ఉంది. నష్టాలూ లేకపోలేదు: నికెల్ ధర ఎక్కువ, అతుకు పలకంత బలంగా ఉండదు. దానికి బదులు ఖరీదు తక్కువైన, హైడ్రోజన్ తక్కువైన మామూలు జాతి రాడ్లు పనికొస్తాయా అని అణ్ణామలై విశ్వవిద్యాలయమూ, హైదరాబాదు రక్షణ లోహ పరిశోధనశాలా కలిసి చేసిన పరిశోధనలు 2008 ప్రాంతంలో ప్రచురితమయ్యాయి.

ఆ పరిశోధనశాలను డి.ఎమ్.ఆర్.ఎల్. అంటారు. 1963లో స్థాపించారు, కంచన్‌బాగ్‌లో ఉంది. అర్జున్ టాంకుకు పెట్టిన కంచన్ కవచానికి ఆ పేరు ఆ పేట మీదుగానే వచ్చింది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో పెట్టిన కర్మాగారంలో శరత్ అనే సాయుధ వాహనాలు తయారయ్యాయి. 2021 నుంచి అది ఆర్మర్డ్ వెహికిల్స్ నిగమ్ కింద ఉంది. శరత్ పెట్టె అంతా ఉక్కు పలకల అతుకులే. 2022లో నౌకాదళంలో చేరిన విక్రాంత్ ఓడకు కూడా ఉక్కు బయటి దేశం నుంచి రాని పరిస్థితిలో డి.ఎమ్.ఆర్.ఎల్., సెయిల్ కలిసి డి.ఎమ్.ఆర్. 249 అనే రకాన్ని తయారుచేశాయి. ఓడ ఉక్కులో కర్బనం చాలా తక్కువగా ఉంచడానికి ఒక ముఖ్య కారణం ఈ అతుకు భయమే.

టాంకు అతుకును వేసిన వెంటనే చూసి పాసు చేయరు. కనీసం 48 గంటలు ఆగి అప్పుడు పరీక్షిస్తారు. నాకు ఈ నియమం అన్నిటికన్నా నచ్చింది. ఎందుకంటే సుత్తి దెబ్బకు ఖంగుమన్నంత మాత్రాన పని అయిపోలేదని ఒప్పుకున్న నియమమిది. పలకలను కూడా వడ్రంగి దూలాలు కలిపినట్టు ఒకదానిలో ఒకటి దూర్చి, మెత్తని పట్టీ నేరుగా శత్రువు వైపు చూడకుండా అమరుస్తారు. రెండో యుద్ధంలో జర్మనుల పాంథర్ టాంకు పలకలు అలా పళ్ళు పళ్ళుగా కలిసి ఉంటాయి, ఫోటోల్లో చూడవచ్చు.

ఇదంతా తెలిశాక ఊరికే ఉండలేకపోయాను. మొన్న దసరా సెలవులకు పోయినప్పుడు ల్యాబులోని థర్మోకపుల్ మీటరు లెక్చరరుగారి అనుమతితో తీసుకుపోయాను. ఆయన ఒక షరతు పెట్టారు: అతికించిన బ్లేడును ఎట్టి పరిస్థితుల్లోనూ రోటావేటరుకు బిగించవద్దు, తిరిగేటప్పుడు ఊడితే మనిషి ప్రాణం తీస్తుంది, ఇది పరీక్షకే. నిజానికి మూడేళ్ళ కింద పగులు రాత్రే రావడం మా అదృష్టం. ట్రాక్టరు వెనక నేను నడుస్తూ ఉండేవాణ్ణి.

కాకా మొదట నావైపు చూడలేదు. "మీ నాయిన పంపిండా?" అన్నాడు. లేదన్నాను. హైడ్రోజన్ సంగతి నాకు చేతనైన భాషలో చెప్పాను. ఆయన బకెట్టు వైపు చాలాసేపు చూశాడు. "గేట్లకు ఏం గాలె గద" అన్నాడు. కాదు కాకా, ఉక్కు వేరు అన్నాను. తరువాత ఇంటికి పోయి నాయినకూ అదే చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడలేదు గాని మరునాడు పొద్దున కొట్టంలోంచి పాత బ్లేడు ముక్కలు తీసి బండి మీద పెట్టాడు.

రెండు అతుకులు వేయించాను. ఒకటి పాత పద్ధతిలో, తడిపిన రాడ్డుతో, బకెట్లో ముంచి. రెండోదానికి బ్లేడును గీకి తుప్పు తీసి, గ్యాసు మంటతో 150 డిగ్రీలకు వేడి చేసి, కొత్త పొట్లంలోని స్టెయిన్‌లెస్ రాడ్డుతో, వరుస వరుసకూ ఆగి. రాడ్డు ధర విని నాయిన "గింతనా?" అన్నాడు. అతుకు కాగానే దాన్ని మా పొయ్యి బూడిదలో పాతిపెట్టాం. తరువాత రెండింటినీ అదే అరుగు మీద పెట్టాం.

రెండో రోజు పొద్దుటికి బకెట్లో ముంచిన దానికి పగులు వచ్చింది, అచ్చం అప్పటిలాగే, అతుకు పక్కన. బూడిదలో పెట్టినది మూడో రోజు సాయంత్రానికి కూడా పగల్లేదు. నాయిన కబురు పంపితే కాకా వచ్చాడు. మూడేళ్ళ తరువాత మా అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ చాయ్ పెట్టింది.

కాకా సంచిలోంచి ఆకురాయి తీసి బాగున్న బ్లేడు చివర రుద్దాడు. జారింది, సరిగా పట్టలేదు. మెల్లగా అతుకు వైపు జరిపాడు. అతుకుకు వేలెడు దూరంలో ఒక చోట ఆకురాయి కరకరమని పట్టి సన్నగా రజను రాలింది. నేను పుస్తకంలో చదివిన మెత్తని పట్టీని మా కాకా చేత్తో తడిమి పట్టుకున్నాడు.

"గిదేం వానకాలం ఒక్కటి దున్నితే ఈడ్నే అరిగి తెగుతది" అన్నాడు నాయిన.

"తెగుతది అన్నా. గని రాత్రికి రాత్రి పగలది" అన్నాడు కాకా.

రోటావేటరుకు కొత్త బ్లేడ్లే వేశాం. ఈ రెండూ అరుగు మూలన ఉన్నాయి. కాకా షెడ్డులో బకెట్టు ఉంది గాని ఇప్పుడు రాడ్ల పొట్లం బల్ల మీద లేదు. పాత బిస్కెట్ల డబ్బాలో పెట్టి, డబ్బా కింద బల్బు వెలిగించి ఉంచుతున్నాడు.